తెల్లగా అని రాశావు

అరియానా,
1963 ఏప్రిల్ 12

మన్నూబియా అక్కకి,

నీకూ, తిజానీ బావకీ, మీ అత్తగారికీ సలాములు. క్షేమంగా చేరాను. క్షేమం అనే మాటని ఈ ఆసుపత్రి గేటు బయటే వదిలేసి లోపలికి రావాలని పక్కమంచం ససీ అంటాడు. జెర్బా ద్వీపం మనిషి, కిరాణా కొట్టు వాడు. రెండు ఊపిరితిత్తులూ పాడైనా నోరు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది. నాకు కిటికీ పక్క మంచం ఇచ్చారు. ఎండాకాలం పోయేదాకా కదలనివ్వరట.

రఫీకా గురించి నీకు చెప్పేదేముంది. తల్లి పోయిన దగ్గర్నుంచీ గిన్నె ముందు కూర్చోబెడితే గోడకేసి చూస్తుంది. ఐదేళ్ళ పిల్ల మూడేళ్ళ దానిలా ఉంది. నా కూతుర్ని నీ దగ్గర వదిలి బస్సెక్కేటప్పుడు నేను భయపడింది నా జబ్బు గురించి కాదు. ఆ పిల్లకి ఏమైనా అయితే నేనిక్కడ బాగుపడి చేసేదేమీ లేదు. బసీసా చేసి పెట్టు అక్కా. మన అమ్మ చేసినట్టే గోధుమలూ శనగలూ దోరగా వేయించి, మెత్తగా విసిరి, ఆలివ్ నూనె దండిగా పోసి కలుపు. కాస్త పంచదార వెయ్యి, తీపి తగిలితే తింటుంది.

ఇక సబ్బాక్. వాణ్ణి నీకు అప్పగించి వచ్చాను గాని, వాణ్ణి ఎలా చూడాలో చెప్పలేదు. కుక్కకి నొప్పి చెప్పుకోవడం రాదు. వేటకుక్క మరీ దొంగ, కాలు విరిగినా కుందేలు కనిపిస్తే పరుగెడుతుంది. వాడి ఆరోగ్యం తెలియాలంటే వాడు దొడ్డికి కూర్చున్న చోటికి వెళ్ళి చూడాలి, వేరే దారి లేదు. నాన్న పొద్దున్నే నమాజు చేసుకుని నేరుగా అక్కడికే వెళ్ళేవాడు, అమ్మ తిట్టిపోసేది, గుర్తుందా? గట్టిగా ఉందా, జారుగా ఉందా, ఏ రంగులో ఉంది, పురుగులేమైనా ఉన్నాయా, ఉచ్చ పోసేటప్పుడు కాలెత్తడానికి తడబడుతున్నాడా, ఇవన్నీ చూసి ప్రతి ఉత్తరంలోనూ రాయి. రంగు మాత్రం మర్చిపోకు. అన్నిటికన్నా ముందు మారేది రంగే.

నీ తమ్ముడు
లజ్‌హర్


తాజెరూయిన్,
1963 ఏప్రిల్ 22

తమ్ముడికి దీవెనలు.

నీ ఉత్తరం మా ఇంట్లో బిగ్గరగా చదివాను. కూతురి మీద నాలుగు ముక్కలు, కుక్క ముడ్డి మీద పేజీడు. మీ బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వితే నవ్వాడు గాని, మర్నాడు పొద్దున్న నేను చీపురు పట్టుకుని పశువుల కొట్టం వెనక్కి వెళ్తుంటే, ‘డాక్టరమ్మగారు రోగిని చూడ్డానికి బయల్దేరారు’ అని వీధిలోకి వినిపించేలా అరిచాడు. చూశాను బాబూ. గట్టిగా ఉంది, గోధుమరంగు, పురుగుల్లేవు. కాలు బాగానే ఎత్తుతోంది, మా తలుపుకే ఎత్తుతోంది. సంతోషమా?

నీ కూతురు మొదటి వారం ఎవరితోనూ మాట్లాడలేదు. కుక్కతో మాత్రం మాట్లాడుతుంది. దాని పక్కనే కూర్చుంటుంది, దాని చెవుల్లో ఏదో చెబుతుంది. నువ్వన్నట్టే దానికోసం విడిగా ఒక జాడీడు బసీసా చేశాను. పెద్దవాళ్ళెవరూ ముట్టుకోకూడదని మూత మీద గుడ్డ కట్టాను. మొదటి రోజు మూతి తిప్పుకుంది. ‘సబ్బాక్ దగ్గర కూర్చుని తింటా’ అంది. సరే తినమన్నాను. గిన్నె కడిగినట్టు ఖాళీగా తెచ్చింది!

గోధుమలు అడుగంటే రోజులు కదా, గాదె గదిలో ఎలుకలు చెలరేగిపోయాయి. మీ బావ సంతలో తిరుగుడు బేరగాడి దగ్గర మందు పట్టించిన గోధుమలు కొన్నాడు. మూలమూలా చల్లి, మిగిలినవి చిన్న మూట కట్టి దూలానికి వేలాడదీశాడు. అత్తగారు ‘ఆ మూటేమిట్రా’ అంటే, విషం అనే మాట ఆవిడ ముందు అనలేక, ‘మంచిదేలేమ్మా’ అని తప్పుకున్నాడు.

ఆవిడ సంగతి నీకు తెలుసు కదా. నలుపు పేరెత్తితే కీడని బొగ్గుల్ని తెలుపు అనడం ఊరంతా ఉన్నదే, మనమూ అన్నాం. కిందటి చలికాలం చిన్నకొడుకు పోయాక మాత్రం ఆ రంగు పేరే ఇంట్లో వినపడకూడదంది. నల్లమేక తెల్లమేక అయింది, మాడిన రొట్టె తెల్లరొట్టె అయింది. ఉత్తరం కూడా అంటించే ముందు చదివి వినిపించాలి, చెడ్డమాట కాగితం మీద ప్రయాణం చేస్తే దారంతా అంటుకుంటుందట. అని అని నా నోరు కూడా అలాగే తిరిగిపోయింది. మొన్న అద్దకాల వాడి దగ్గరికి దుప్పటికి ఉన్ని కావాలని వెళ్ళి, ‘తెల్లది ఇవ్వు’ అని తీసుకుని ఇంటికొచ్చి చూసుకుంటే నిజంగానే తెల్లటి ఉన్ని! మార్చమంటే వాడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. (ఎలుకల ముక్క దగ్గర్నుంచి ఇక్కడిదాకా ఆవిడకి చదివి వినిపించలేదు.)

మందులు వేళకి వేసుకో. పక్కమంచం వాడితో మాటలు తగ్గించు.

అక్క
మన్నూబియా


అరియానా,
1963 మే 1

అక్కా,

ఉన్ని కథ చదివి నవ్వితే దగ్గు తెర వచ్చింది, నర్సు వచ్చి తిట్టింది. ససీకి చదివి వినిపిస్తే, వాళ్ళ ద్వీపంలో ఒక ముసలాయన పాముని తాడు అని పిలిచీ పిలిచీ చివరికి పాముతోనే గాడిదని కట్టబోయాడని చెప్పాడు. అబద్ధమే అయుంటుంది.

పాప గిన్నె ఖాళీ చేస్తోందన్న ముక్క పదిసార్లు చదువుకున్నాను. ఆ వాక్యం కింద గీత గీసి తలగడ కింద పెట్టుకున్నాను. బరువు పెరిగిందా? బుగ్గలు వచ్చాయా? ఎత్తుకుంటే తెలుస్తుంది కదా, చెప్పు.

పండుగ దగ్గరికొచ్చింది. పొట్టేలు కోస్తారు, ఊళ్ళో ప్రతి ఇంటా ఎముకలే. సబ్బాక్‌కి అతిగా వేయకు. ఎముకలు ఎక్కువైతే కడుపు కట్టేస్తుంది, సున్నం ముద్దల్లా వెళ్తాడు. పాప చేత కూడా వేయించకు, జాలిపడి మొత్తం పెట్టేస్తుంది.

నా ఛాతీ ఫోటో మళ్ళీ తీశారు. డాక్టరు దాన్ని కిటికీకి ఆనించి చాలాసేపు చూశాడు, ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం మంచిదేనని ససీ అంటున్నాడు. నాకు మాత్రం ఏదో ఒకటి అంటేనే బాగుండుననిపించింది.

లజ్‌హర్


తాజెరూయిన్,
1963 మే 9

తమ్ముడికి,

పండుగ బాగా జరిగింది. పొట్టేలు మంచి కొవ్వు పట్టింది. రఫీకా కొత్త గౌను వేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. బరువు సంగతి అడిగావు. నిజం చెప్పనా, పెద్దగా తేడా తెలియడం లేదు. గిన్నె మాత్రం రోజూ నాకినంత శుభ్రంగా తెస్తోంది. ఎముక చిన్న పిల్ల, ఒంటికి పట్టడానికి టైం పడుతుందని అత్తగారు అంటున్నారు. ఆవిడకి నీ పిల్ల మీద ఎంత ప్రేమ వచ్చిందో చెబితే నమ్మవు. జాడీ అడుగంటుతుంటే ఈసారి గింజలు తనే కలిపి విసురుతానని కూర్చుంది. నన్ను దగ్గరికి రానివ్వలేదు.

కుక్క గురించి రాయాలా వద్దా అని రెండు రోజులు ఆగాను. పండుగ ముందునుంచే నీరసంగా ఉంది. ఎండలో పడుకుని లేవడం లేదు. నిన్న పిలిస్తే తోక ఆడించింది గాని తల ఎత్తలేదు. నువ్వు చెప్పినట్టు వెళ్ళి చూశాను. తెల్లగా వెళ్తోంది. తెల్లగా, జిగటగా, పుల్లతో కదిపితే అంటుకుపోతోంది. వాసన కూడా మామూలు వాసన కాదు, పచ్చి మాంసం వాసనలా ఉంది. చిగుళ్ళు పాలిపోయినట్టున్నాయి. ఎముకలు వేశామా అంటే వేశాం, పండుగ కదా, కానీ నువ్వు వద్దన్నంత వేయలేదు.

ఏం చెయ్యాలో వెంటనే రాయి. పిల్ల దాని పక్కనుంచి కదలడం లేదు.

అక్క


అరియానా,
1963 మే 15

అక్కా,

ముందు నిన్ను తిట్టాలి. ఎముకలు వేయొద్దని అంత స్పష్టంగా రాస్తే పండుగ పేరు చెప్పి కడుపు నిండా వేశారు. తెల్లగా వెళ్ళడమంటే అదే, ఎముకల సున్నం. నాన్న కుక్కలకి ప్రతి పండుగకీ ఇదే తంతు. పది పల్లెల వేటగాళ్ళని అడుగు, ఇదే మాట చెబుతారు. నీరసం అందుకే. కంగారు పడాల్సిందేమీ లేదు.

ఎముకలు, మాంసం పూర్తిగా ఆపెయ్యి. మెత్తటి తిండి పెట్టాలి. పాప కోసం చేసిన బసీసా ఉంది కదా, పొద్దున ఒక గిన్నె, సాయంత్రం ఒక గిన్నె, నూనె ఎక్కువ పోసి పెట్టు. రొట్టె వద్దు, గరుకుగా ఉంటుంది. ఆ జాడీలోదే పెట్టు. అయిపోతే మళ్ళీ చేయించు. నాలుగు రోజుల్లో లేచి పరుగెడతాడు.

రఫీకాకి చెప్పు, నాన్న ఉత్తరం రాశాడు, సబ్బాక్‌కి నయమైపోతుందన్నాడు అని. ఈ మాట నా పేరు పెట్టే చెప్పు.

ఇక్కడ నాకు జ్వరం తగ్గింది. మొదటిసారి తోటలోకి నడవనిచ్చారు. నారింజ చెట్ల కింద కూర్చుని ససీ నాచేత బలవంతంగా పాట పాడించాడు.

లజ్‌హర్


తాజెరూయిన్,
1963 మే 24

తమ్ముడూ,

ఎలా రాయాలో తెలియడం లేదు. సబ్బాక్ పోయాడు.

నువ్వు చెప్పినట్టే చేశాను. రెండు పూటలా నా చేత్తో కలిపి పెట్టాను. తినలేకపోతే వేలితో నోట్లో పెట్టాను. నయం కాలేదు తమ్ముడూ, రోజురోజుకీ దిగిపోయాడు. ఉచ్చ ఎర్రగా వచ్చింది. చివరి రోజు ముక్కులోంచి రక్తం కారి ముందుకాళ్ళు తడిసిపోయాయి. ఎక్కడా గాయం లేదు, ఎవరూ కొట్టలేదు. మీ బావ ఒళ్ళంతా తడిమి చూశాడు. గుమ్మం ముందే ప్రాణం వదిలాడు. కుక్కని వాడు అంటావేమిటని నిన్ను వెక్కిరించేదాన్ని. ఇప్పుడు నాకూ వాడనే వస్తోంది.

రఫీకా ఏడవలేదు. వాణ్ణి పూడ్చిన చోటికి గిన్నె తీసుకెళ్ళి అక్కడ కూర్చుని ఒక్కతే తింటోంది. మొత్తం తింటోంది, నేను కళ్ళారా చూస్తున్నాను. అదొక్కటే నాకు ధైర్యం.

ఇంకో మాట. భయపెట్టడానికి కాదు. మోకాళ్ళ మీదా చేతుల మీదా కమిలినట్టు నీలం మచ్చలు వస్తున్నాయి. పడ్డావా అంటే పడలేదంటుంది. ఊగుతున్న పన్ను మొన్న ఊడింది, మధ్యాహ్నం దాకా రక్తం ఆగలేదు, రెండు తువ్వాళ్ళు తడిశాయి. కొత్త గౌనుకి దిష్టి తగిలిందని అత్తగారు ఉప్పు తిప్పి సాంబ్రాణి వేశారు. నాకు అర్థం కానిది ఇంకొకటి. అది కూడా సబ్బాక్ లాగే తెల్లగా వెళ్తోంది. జిగటగా, అదే వాసన. పిల్లకి నేను ఎముకలు పెట్టలేదు కదా, దానికెందుకలా?

నువ్వు ఇలాంటివి తెలిసినవాడివి. వెంటనే రాయి.

అక్క


టెలిగ్రాం
అరియానా, 1963 మే 28

బసీసా ఆపు. పాపని ఇప్పుడే కెఫ్ ఆసుపత్రికి తీసుకెళ్ళు. నువ్వు రాసిన తెలుపు నలుపేనా. లజ్‌హర్


అరియానా,
1963 మే 28

అక్కా,

టెలిగ్రాం ఈపాటికి నీ చేతికి అందే ఉండాలి. అంది ఉండకపోతే ఈ ఉత్తరం చదవడం ఇక్కడే ఆపి పిల్లని ఎత్తుకుని బస్సెక్కు.

నీ ఉత్తరం చదివి కుక్క కోసం ఏడుస్తూ కూర్చున్నాను. ఏడుస్తూనే మళ్ళీ చదివాను. పిల్లకి ఎముకలు పెట్టలేదు, దానికెందుకలా అని అడిగావే, అక్కడ ఏడుపు ఆపి నీ పాత ఉత్తరాలు బయటికి తీశాను. ఎముకలు తిన్న కుక్క పొడిపొడిగా, సున్నంలా వెళ్తుంది, పుల్ల తగిలితే రాలిపోతుంది. నువ్వు జిగట అని రాశావు. పచ్చి మాంసం వాసన అని రాశావు. అన్నీ రాశావు అక్కా. నేను రంగు ఒక్కటే చదివి మిగతాది వదిలేశాను. మీ ఇంట్లో తెలుపంటే ఏమిటో నువ్వు నాకు చెప్పావు కూడా, ఉన్ని కథకి నవ్వాను కూడా. తారులా నల్లగా వెళ్తే లోపల పేగుల్లో రక్తం కారుతోందని అర్థం. అది నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు.

ఇద్దరూ తిన్నది ఒకటే, ఆ జాడీ. దాన్ని నేను రెండు పూటలా పెట్టమన్నాను. అందులో ఏం కలిసిందో బావని అడుగు. ఎలుకల మందు మూట ఇంకా దూలానికే ఉందో లేదో చూడమను.

డాక్టరు దగ్గర నల్లగా అని చెప్పు. దయచేసి నలుపు అని చెప్పు. మీ అత్తగారి కాళ్ళ మీద పడి క్షమాపణ నేను తర్వాత అడుక్కుంటాను.

నన్ను వదలమని డాక్టర్ని బతిమాలాను. ఈ ఛాతీతో బస్సెక్కితే కెఫ్ చేరేలోగా చస్తావన్నాడు. చస్తే చచ్చానన్నాను. గేటు దగ్గరి దాకా వెళ్ళాను, అక్కడే రక్తం కక్కుకుంటే మోసుకొచ్చి పడుకోబెట్టారు.

లజ్‌హర్


అరియానా,
1963 జూన్ 2

అక్కా,

నీ నుంచి ఒక్క ముక్క లేదు. పోస్టు వచ్చినప్పుడల్లా ససీ నా బదులు వెళ్ళి అడిగి, ఉత్తి చేతుల్తో వచ్చి, ఈమధ్య నాతో మాట్లాడటం కూడా మానేశాడు. వాడు నోరు మూసుకుంటే నాకు మరీ భయంగా ఉంది.

ఏదైనా సరే రాయి. మంచి మాట లేకపోతే చెడ్డమాటే రాయి. చుట్టూ తిప్పకుండా, ఉన్నది ఉన్నట్టు రాయి.

లజ్‌హర్


కెఫ్ ఆసుపత్రి,
1963 జూన్ 6

లజ్‌హర్,

బతికి ఉంది. ఈ మాట ముందు రాసి తర్వాత మిగతాది రాస్తున్నాను.

నీ టెలిగ్రాం వచ్చేసరికి పిల్ల మంచం మీద ఉంది. పొద్దుననుంచీ ముక్కులోంచి రక్తం, పిలిస్తే పలకడం లేదు. మీ బావ ఎవరి బండి అని చూడకుండా సంతకి పోయే లారీని అడ్డం పడి ఆపాడు. అత్తగారు కూడా ఎక్కింది, వద్దంటే వినలేదు.

ఇక్కడ డాక్టరమ్మ బల్గేరియా నుంచి వచ్చింది. అరబీ రాదు, నర్సు అటూ ఇటూ చెబుతుంది. పిల్ల ఎలా వెళ్తోందని అడిగితే నేను నోరు తెరిచేలోపు అత్తగారు ‘తెల్లగా’ అనేసింది. నర్సు ఆ మాటే తిప్పి చెప్పింది. డాక్టరమ్మ వెంటనే కాలేయం అనుకుని పిల్ల పొట్ట కుడిపక్క నొక్కడం మొదలుపెట్టింది. అప్పుడు అరిచాను తమ్ముడూ. ‘తెలుపు కాదు, నలుపు! నల్లగా, బొగ్గులా నల్లగా వెళ్తోంది నా పిల్ల’ అన్నాను. వార్డు వార్డంతా తిరిగి చూసింది. అత్తగారు రెండు చెవులూ మూసుకుని గోడకి జారబడి కూర్చుంది. డాక్టరమ్మ చెయ్యి తీసేసి, ఇంట్లో ఎలుకల మందు ఉందా అని అడిగింది.

ఉంది, దూలానికి మూట కట్టానని మీ బావ చెప్పాడు. అత్తగారు చెవుల మీద చేతులు మెల్లగా దించింది. ‘ఆ చిన్న మూటా? మంచిదన్నావు కదరా,’ అంది. ‘మంచి విత్తనాల గోధుమలనుకున్నాను. నీ పెళ్ళాం పిండి చేసినప్పుడు సగం కలిపాను, నేను విసిరినప్పుడు మిగతాది పోశాను. పిల్లకి బలమని.’ ఆ తర్వాత ఆవిడ ఆ గోడ పక్కనుంచి లేవలేదు. ఇప్పటికీ అక్కడే కూర్చుంటోంది.

రక్తం గడ్డకట్టడానికి సూదులు వేశారు. మీ బావ రక్తం సరిపోయింది, ఎక్కించారు. నాలుగో రోజుకి కళ్ళు తెరిచింది. ఆ మందు ఒంట్లోంచి పోవడానికి చాలా వారాలు పడుతుందట, రోజూ పొద్దున ఎలా వెళ్ళిందో చూసి చెప్పాలట. చూస్తున్నాను. అదే నా పని.

రోజూ ఎంత తిన్నావని నర్సు అడిగితే అది నిజం చెప్పింది. తినేది కాదట. రెండు చెంచాలు నోట్లో పెట్టుకుని మిగతాదంతా సబ్బాక్ ముందు పెట్టేదట. గిన్నె నాకి శుభ్రం చేసింది వాడు. అది మొదట్నుంచీ గిన్నెడు తిని ఉంటే ఇక్కడికి తెచ్చేదాకా ఉండేది కాదని డాక్టరమ్మ అంది. నర్సు ఆ మాట పిల్ల ముందే తిప్పి చెప్పింది. పిల్ల విన్నది.

అప్పట్నుంచీ ఏమీ ముట్టుకోవడం లేదు. పాలు కూడా. తినకపోతే సూదులతో ఎన్నాళ్ళు నిలబెడతామని డాక్టరమ్మ కోప్పడుతోంది. నిన్న ఆశ పెడదామని గిన్నెలోంచి నేను ఒక చెంచా తీసుకున్నాను. నా చెయ్యి పట్టుకుని లాగేసింది. ‘నాది తినకు అత్తా, చచ్చిపోతావు,’ అంది.

నువ్వు నన్ను నమ్మి పిల్లనిచ్చావు. నా ఇంట్లో, నా చేత్తో కలిపి పెట్టాను. దీన్ని ఎవరి దగ్గరికైనా పంపాలనుకుంటే చెప్పు, నేనేమీ అనుకోను. అనుకునే హక్కు లేదు.

మన్నూబియా


అరియానా,
1963 జూన్ 11

అక్కా,

ఎవరి దగ్గరికీ పంపను. మీ ఇంట్లోనే ఉంటుంది. హక్కు గురించి మాట్లాడితే ఇక్కణ్ణుంచి లేచి వచ్చి కొడతాను, దగ్గు వచ్చినా సరే. నువ్వు చూసినదంతా చూసినట్టు రాశావు. చదవడం రానివాణ్ణి నేను.

మీ అత్తగారికి చెప్పు, ఆవిడ మంచిదనుకునే పోసింది. బావ మంచిదన్నాడు, నేను మంచి తిండి అన్నాను. ఈ ఇంట్లో అందరం మంచి మాటే అన్నాం. ఆవిడ ఒక్కదాన్నీ గోడ పక్కన కూర్చోబెట్టకు.

కింద రాసేది రఫీకాకి. గిన్నె ముందు పెట్టి చదివి వినిపించు. ఒక్క మాట కూడా మార్చకు.

‘రఫీకా తల్లీ, సబ్బాక్‌కి నువ్వు పెట్టింది చిన్న గిన్నెలో మిగిలిన ముద్ద. వాడికి జబ్బు చేసింది, అది నిజం. మీ అత్త నాకు ఉత్తరం రాసింది. అప్పుడు పొద్దున ఒక పెద్ద గిన్నె, సాయంత్రం ఒక పెద్ద గిన్నె పెట్టమని రాసింది నాన్న. వాడు వద్దన్నా నోట్లో పెట్టించింది నాన్న. వాడికి నయమైపోతుందని నీకు చెప్పమన్నదీ నాన్నే. వాడు పోయింది నీ వల్ల కాదు, నా వల్ల. నీ గిన్నెలో ఇప్పుడు ఉన్నది మంచిదో కాదో అత్త చూసి చెబుతుంది. అత్త చెప్పింది నమ్ము. నాన్న మాట నమ్మాలో వద్దో నువ్వు పెద్దయ్యాక చూసుకో.’

అది ఏమంటే అదే నాకు రాయి.

లజ్‌హర్


కెఫ్ ఆసుపత్రి,
1963 జూన్ 17

తమ్ముడూ,

ఒక్క మాట మార్చకుండా చదివాను. రెండుసార్లు చదివించుకుంది. మా అత్తగారు తలుపు దగ్గర నిలబడి విన్నది.

విన్నాక రఫీకా, ‘నాన్నకి తెలుసా అందులో విషం ఉందని?’ అని అడిగింది.

తెలీదన్నాను.

‘నాకూ తెలీదు,’ అంది.

అప్పుడు ఏడ్చింది. సబ్బాక్ పోయిన దగ్గర్నుంచీ ఏడవని పిల్ల గొంతు పోయేలా ఏడ్చింది. ఆపవద్దని డాక్టరమ్మ సైగ చేసింది, నేను ఆపలేదు. ఏడుపు అయ్యాక గిన్నె దగ్గరికి లాక్కుంది. అన్నం చల్లారిపోయింది. చెంచాతో తీసి ముందు నా నోటి దగ్గర పెట్టింది, నేను మింగేదాకా నా గొంతు వైపే చూసింది. ఆ తర్వాత తనూ తింది.

అక్క